బీరువా మోసిన సైకిలు

సైకిలు వెనక క్యారియర్ మీద జనం సామాన్లు మోసి నలభై ఏళ్ళు బతికాడు కాబట్టి ఆయన్ని అందరూ క్యారియర్ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన కోతలు కోస్తుంటే పక్కనే కూర్చుని గాలి తీసే పని ఆయన భార్యది, అంటే పిన్నిది. అలాంటి పిన్నికి పక్షవాతం వచ్చి తగ్గింది. కాలూ చెయ్యీ స్వాధీనంలోకొచ్చాయి గానీ, మాట తడబడుతోందని సిగ్గుపడి మూడు నెలలుగా నోరే విప్పడం లేదు. "మాట వస్తుందయ్యా, ఆవిడే రానివ్వట్లేదు. వాడకపోతే ఉన్నదీ పోతుంది, ఎలాగైనా మాట్లాడించు" అన్నాడు డాక్టరు. ఇంట్లో ఆ నిశ్శబ్దాన్ని బాబాయ్ భరించలేకపోతున్నాడు. అందుకే ఆ సాయంత్రం ఆమెని చెయ్యి పట్టుకుని టీ కొట్టుకి తీసుకొచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఒకసారి రెండు సిమెంటు బస్తాలేసుకుని వంతెన ఎక్కానా..."

"అదెవరైనా ఎక్కుతారులే బాబాయ్," అన్నాడు పంక్చర్లేసే ఆయన.

"ఒరేయ్, అది ఉత్త బోణీ! అసలు బేరం బీరువా. నిలువెత్తు ఇనప బీరువా. బట్టలు తియ్యండమ్మా అంటే ఇంటావిడ వింటేనా? సరే కానీ అని బట్టలతో సహా ఎత్తి క్యారియర్ మీద నిలబెట్టి, తాడు నాలుగు చుట్లు బిగించి ఒక్క తొక్కు తొక్కానా, సగం దారిలో లోపల్నుంచి గురక! తాళాలు ఎవరైనా కొట్టేస్తారని వాళ్ళత్తగారు అందులోనే కూర్చుని నిద్రపోయింది!"

"మరి ఊపిరెలా ఆడింది?" అన్నాడు టైలరు, నవ్వాపుకుంటూ.

"గాలి కోసం తలుపులు తీసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రెండు తలుపులూ రెక్కల్లా విచ్చుకుని సైకిలు నేల వదిలేసింది! వంతెన లేకుండానే ఏరు దాటేశాను. దిగేచోట తాడు కొస రైలుకి తగులుకుంది. నేనాగుతానా? ఏడు పెట్టెలు ఈడ్చుకుంటూ పోతుంటే గార్డు పచ్చజెండా నాకే ఊపాడు!"

కొట్టంతా గొల్లుమంది. బాబాయ్ ఓరకంట పిన్నిని చూశాడు. ఆమె టీ గ్లాసులోకే చూస్తోంది. రైలుక్కూడా ఉలకలేదంటే ఇంక దేనికి ఉలుకుతుందని ఆయనకి దిగులు ముంచుకొచ్చింది. పైకి మాత్రం ఛాతీ చరుచుకున్నాడు.

"ఇదంతా నేనొక్కణ్ణే. ఒక్కరు సాయం పట్టలేదు."

పిన్ని గ్లాసు ఠక్కున బెంచీ మీద పెట్టింది.

"అ... అబద్ధం!"

మాట ముద్దముద్దగా వచ్చింది. అయినా ఆగలేదు.

"బీ... బీరువానా పాడా! కుట్టుమిషను. దానికే ముందు చక్రం గాల్లోకి లే... లేస్తుంటే, ముందు కడ్డీ మీద కూర్చుని అ... అణిచిందెవరు? ఏడో నెల కడుపుతో నేను కాదూ?"

ఎవరూ నవ్వలేదు. టీ వడపోస్తున్న కొట్టావిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. బాబాయ్‌కి కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోలేదు కూడా. బెంచీ మీద ఆమె పక్కకి జరిగాడు.

"సరిగ్గా వినపళ్ళేదే. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

"ఈయనకి చె... చెవుడొకటి!" అని కసిరి, పిన్ని మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.