తోపుడుబండ్ల పుస్తకం

నవ్వకు జహాంగీర్ భాయ్, నాకు మండుతున్నది! ఈ ఇంట్ల మూడేండ్లు నేను దుమ్ము దులిపిన పుస్తకం. ఇల్లు ఖాళీ చేసి వాళ్ల దేశం పోతా పోతా నా చేతులనే పెట్టిండు సాబు. 'లింబాద్రీ, రఖో' అన్నడు. నాకు అక్షరం ముక్క రాదని ఆయనకు ఎర్క లేదా?

మంచోళ్లే, కాదంటలేను. మొదటి దినం చాయ్ పట్కపోతే మేడం చెయ్యి అడ్డం పెట్టింది. చాయ్ లేదు, కాఫీ లేదు, సిగరెట్ లేదు. మోర్మన్లంట, కిరస్తానంల అదొక తీరంట, దేవుడు వద్దన్నడంట.

గోడ పొడుగూత వాళ్ల పుస్తకాలే గదా! ఓ దిక్కు వాళ్ల గ్రంథం, ఓ దిక్కు వాళ్ల తాతల చరిత్ర, ఇంకో దిక్కు కథలు. ఒక మొగనికి ముగ్గురు పెండ్లాలైతే రెండో ఆమె పడ్డ గోస ఒక పుస్తకం నిండ. నువ్వే చదివి చెప్పినవ్.

ఇది మాత్రం బండ్ల పుస్తకం. ఎడ్లు కొననీకె పైసల్లేక, వాళ్ల తాతల కాలంల ఆడోళ్లు, మొగోళ్లు తోపుడుబండ్లు గుంజుకుంట వందల కోసులు నడిచిండ్రంట, దేవుడు చూపిన జాగకు. నడిమిట్ల మంచు పడ్డది. దారి పొంటి సచ్చిండ్రు. శుక్రారం శుక్రారం సాబు పిల్లలను కూసోపెట్టుకొని ఇది చదువుతుండె. చదువుకుంట ఏడుస్తుండె, భాయ్! సచ్చినోళ్ల పేర్లన్నీ ఎనక ఉన్నయంట. ఒక్క దినం బతికిన పసిగుడ్డు పేరు సుత.

మరి మా లస్మయ్య పేరేది?

నువ్వప్పటికి రాలే. అల్ షహానియా దాటినంక, ఈ అరబ్బు ఎడారిల పైపులైన్ పని, ఈ సాబే ఇంజినీర్. లస్మయ్య కాంక్రీటు బండి తోస్తుండె. పగటీలి ఒంటిగంట. ఫోర్మన్ యల్లా యల్లా, జల్ది జల్ది అని ఒర్లుతుండె. 'లింబన్నా, కండ్లు తిరుగుతున్నయే' అన్నడు. 'ఈ ఒక్క బండి కానియ్, కూసుందం' అన్న. అన్నది నేనే! బండి ఇడువకుంటనే బోర్ల పడ్డడు.

తెల్లారి సాబు కాయితం తెచ్చిండు. లస్మయ్య నీడకు కూసున్నడు, నీళ్లు తాగిండు, గుండె ఆగిందని రాసుందని ఫోర్మన్ చెప్పిండు. సాబు నా దిక్కు చూడలే. సాక్షి అని నేను ఏలు అద్దిన.

బెదిరించిండ్రా అంటవా? ఎవ్వడు బెదిరియ్యలే. బెదిరియ్యకముందే అద్దిన. వారం తిరిగేసరికి ఈ సాబు ఇంట్ల డ్యూటీ, ఏసీల డ్యూటీ! నా నసీబ్ మంచిదని నువ్వంటుంటివి, అగో, అది ఆ నసీబే.

సాబుకు యాదున్నది భాయ్. లేకుంటే గోడ నిండ పుస్తకాలుంటే ఇదే ఎందుకిచ్చిండు? ఇచ్చినప్పుడు గూడ నా దిక్కు చూడలే.

పెన్ను తియ్. పుస్తకం ఎనక, ఆ పేర్ల కింద ఖాళీ పేజీ ఉన్నది, రాయి. మోర్తాడు లస్మయ్య. ఎండల బండి తోసుకుంట సచ్చిండు. నీళ్లు తాగలే. రాసినవా? దాని కింద, నీడకు కూసున్నడని లింబాద్రి ఏలు అద్దిండని రాయి. ఏం, ఆగినవ్? రాయి భాయ్. పెన్ను ఇటియ్, ఏలుకు సిరా పూసుకొని మళ్లొక్కసారి అద్దుత.

లస్మయ్య పెండ్లాం ఎల్లవ్వకు రాసే ఉత్తరంల సుత ఇదే రాయాల్నా అంటవా? అవ్, పాపం, ప్రతి ఉత్తరంల అదొక్కటే అడుగుతది, నా పెనిమిటి ఆఖరుకు ఇన్ని నీళ్లన్న తాగిండా అన్నా అని.

తాగిండనే రాయి. ఎప్పటిలెక్కనే.