కొత్త చిక్కుడు

చర్ల దగ్గరి చిన్న దవాఖానాలో నర్సు పాప దద్దుర్లకు మందు పూస్తోంది. తల్లి గోడనే చూస్తోంది.

"కొత్తగా ఏం పెట్టావమ్మా?"

"చిక్కుడు గింజలు ఉడకబెట్టి, మెత్తగ పిసికి పెట్టిన."

"ఇంతకుముందు మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా?"

"పెద్దోనికయ్యింది. కొత్తల పండుగ కాకుంట మేం కొత్త పంట ముట్టం; గది కాకముందే మా అత్త వానికి కొత్త చిక్కుడు పెట్టింది. గిట్లనే ఉబ్బిండు, దక్కలే. గందుకే ఈసారి పండుగ చేసి, వేల్పులకు పెట్టినంకనే దీనికి పెట్టిన."

"పండుగతో సంబంధం లేదమ్మా. నీ పిల్లల ఒంటికి చిక్కుడు పడదు. ముందు పెట్టినా, తర్వాత పెట్టినా ఇంతే."

"అవ్."

"భయపడకు, పాపకు తగ్గుతుంది."

"మా అత్త బయట కూసున్నది. వాడు పోయినకాడి నుంచి ఆమెతోని నేను మాట్లాడుతలేను. పండుగతోని సంబంధం లేదన్న మాట మీరే చెప్పుండ్రి సిస్టరమ్మా."