రోహిణి కార్తెలో కారు కడిగిన అమ్మిరాజు

పుట్టెడు ఊకలోనైనా గిద్దెడు గింజలు దొరుకుతాయని, మా మరిది అమ్మిరాజు మాటలు విన్నప్పుడల్లా మా అత్తగారు అంటూ ఉండేవారు. ఓపిగ్గా చెరుక్కోవాలి, అంతే.

ఆ శనివారం సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, తలో ఆకులో పులిహోర పెట్టి, మా అరుగు మీద కూర్చున్నాం. నేను, మా అమ్మాయి హారతి, అమ్మిరాజు, అతని భార్య సత్యవాణి, పక్కింటి భీమరాజు గారు. ఆయన మా కాలవ లాకుల దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేసి కిందటేడే రిటైరయ్యారు. మాట తక్కువ మనిషి.

మాటలు కారు మీదకి మళ్ళాయి. మావారు పోయాక ఆ పాత తెల్లకారుని హారతే నడుపుతోంది. పెద్దవాళ్ళని అంతర్వేదికి, ద్వారకా తిరుమలకి దర్శనానికి తీసుకెళ్ళి పదిలంగా ఇంటి దగ్గర దింపుతుంది. దారిలో చెరువు గట్ల బురదంతా ఆ కారుకే. బురద కారెక్కి దేవుడి దగ్గరికి ఎవరు వెళతారు? అందుకని రోజూ బకెట్టూ, గుడ్డా.

ఆ గుడ్డతోనే వచ్చింది చిక్కు. డిక్కీ మీద 'నరసింహస్వామి దయ' అని మావారు తన చేత్తో రాసిన అక్షరాలున్నాయి. ఆయన పడవలకి రంగులేసి పేర్లు రాసేవారు. పైన అందరికీ కనపడేలా పేరు రాశాక, నీళ్ళలో మునిగే చెక్క మీద చిన్నగా ఇంకో మాట రాసేవారు. అదెవరు చూస్తారండీ అని అడిగితే, గంగమ్మ చదువుకుంటుందిలే అనేవారు. ఇప్పుడు బురదలోని ఇసక గుడ్డకి అంటుకుని, రుద్దినకొద్దీ కారు మీది అక్షరాలు అరిగిపోతున్నాయి. 'దయ' ఇప్పటికే సగం పోయింది.

గుడ్డ తగలకుండా కడగాలంటే ప్రెషర్ మిషను కొనాలి. మర్నాడే భీమవరం వెళ్ళాలనుకుంది హారతి. కానీ చిన్నది తేవాలా, పెద్దది తేవాలా? తప్పు మిషను తెస్తే నాన్న అక్షరాలు ఒక్క పూటలో ఎగిరిపోతాయని దాని భయం. అదే బాబాయిని అడిగింది.

అడగడమే ఆలస్యం. అమ్మిరాజు ఆకు పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"చిన్న మిషన్లు పూలకుండీలకి నీళ్ళు పోసుకోడానికమ్మా. కొంటే నా మిషను లాంటిది కొను, పెట్రోలుది, రెండొందల యాభై బార్ల ప్రెషరు. నేను కొన్న కొత్తలో, అంటే రెండేళ్ళ కిందట, రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ, మా కారు మీద బురద ఎండి ఇటుకై కూర్చుంది. కొళాయి నీళ్ళు దానికి ఏ మూలకి? కాలవ గట్టుకి తోలుకెళ్ళి, పైపు కాలవలో పడేసి గన్ను నొక్కాను. ఐదే ఐదు నిమిషాలు, కారు పెళ్ళికూతురు. ఇంతవరకు ఎవరైనా నమ్ముతారు కదా వదినా?"

నమ్ముతామన్నాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? డోరుకి ఓ సొట్ట ఉండేది, అరటిగెలల లారీ తగిలినప్పటిది. లోపలివైపు నుంచి ఒక్క ధార కొట్టేసరికి టప్పుమని బయటికొచ్చేసింది. సరే, ఇంత మంచి మిషను, ఇంజను మాత్రం ఏం పాపం చేసిందని బానెట్ ఎత్తి కడుగుతుంటే, అక్కడ మీటర్లో కిలోమీటర్లు వెనక్కి తిరగడం మొదలెట్టాయి. లక్షా పదివేలున్నది నలభై వేల దగ్గర ఆపాను. ఇంకా కడిగితే లేచి షోరూముకి వెళ్ళిపోతుందేమోనని భయమేసింది."

"అలాంటప్పుడు మీ తల కూడా ఓసారి అందులో పెట్టాల్సిందండి," అంది సత్యవాణి, అతని తెల్లజుట్టు చూస్తూ.

"నువ్వు మధ్యలో రాకు. అసలుది ముందుంది. ధార కాస్త పక్కకి తిరిగింది, అవతలి గట్టున భద్రంగా మేసుకుంటున్న గేదెకి తగిలింది, అంతే, గేదె తెల్లబడిపోయింది. సాయంత్రం దాని ఆసామి గుర్తుపట్టలేక ఊరంతా వెతికి, చివరికి అది అరిస్తే గొంతును బట్టి పోల్చుకున్నాడు. అక్కడితో ఆగిందా? గన్ను వెనక్కి తన్నింది. ధార కిందకి, నేను పైకి. వశిష్ఠ గోదావరి దాటాను. రావులపాలెం మార్కెట్టు మీదుగా పోతుంటే నా ధార తగిలిన ప్రతి అరటిగెలా పచ్చిది పచ్చిదిగానే పండిపోయింది, బేరగాళ్ళు పైకి చూసి దణ్ణాలు. ధవళేశ్వరం మీద ఓ మబ్బు మరీ మురికిగా ఉంటే పనిలో పని దాన్నీ కడిగాను. ఆ ఏడు వానలు ముందొచ్చాయంటే ఊరికే వచ్చాయనుకున్నారా?"

అతను పైకి వెళ్ళినకొద్దీ హారతి మొహం కిందకి దిగుతోంది. గేదె రంగే నిలవనప్పుడు నాలుగు అక్షరాలు నిలుస్తాయా అన్నట్టు కారు వైపు చూసింది. ఎలా దిగారు బాబాయ్ అని నీరసంగా అడిగింది.

"నీళ్ళయిపోయి దిగానమ్మా. నా మిషను తాగిన తాగుడికి నిండు కాలవ జానెడుకి వచ్చేసింది. కాలవ ఎవరు తాగుతున్నారని లాకులకి ఒకటే ఫోన్లు."

భీమరాజు గారు ఆకు నాలుగు మడతలు పెట్టారు.

"ఆ ఫోను నాకు రావాలి అమ్మిరాజూ. అప్పుడు డ్యూటీలో ఉన్నది నేనే. రోహిణి కార్తెకి కాలవలు కట్టేసి నెల దాటింది. పిల్లలు కాలవలో క్రికెట్టాడుతున్నారు. నువ్వు పైపు వేసింది ఏ నీళ్ళలో?"

వేసవిలో మరమ్మతులకి కాలవ నీళ్ళు ఆపేస్తారని మా ఊళ్ళో బడికెళ్ళని పిల్లలకి కూడా తెలుసు. ఎండ గొప్ప చెప్పబోయి నీళ్ళ సంగతి మర్చిపోయాడు పాపం.

మిగతాది సత్యవాణి చెప్పింది. కాలవలో ఒక మడుగు మిగిలితే అందులో పైపు వేశారట. మిషను బురద పీల్చి, పంపు పట్టేసి అక్కడికక్కడే ఆగిపోయింది. దాని అట్టపెట్టెలో ఇప్పుడు కోడిపెట్ట పొదుగుతోంది. అంతకు ముందు రోజు ఇంట్లో కొళాయికి తగిలించి కొడితే బానెట్ మీద అరచెయ్యంత రంగు లేచిపోయింది. దాని మీద ఆంజనేయస్వామి స్టిక్కరు అంటించింది అందుకట. అది చూసి మరిదికి భక్తి కుదిరిందని నేను రెండేళ్ళుగా సంతోషిస్తున్నాను.

అందరం నవ్వాం. హారతి నవ్వలేదు. లేచి వెళ్ళి బాబాయి పక్కన కూర్చుంది.

"రంగు లేచినప్పుడు ఎంత దూరం నుంచి కొట్టారు బాబాయ్?"

అతను తలెత్తలేదు. "జానెడు. అదీ ధార సూదిలా వచ్చే నాజిల్‌తో. తప్పు నాదేనమ్మా, మిషనుది కాదు."

అప్పుడు రాలాయి గింజలు. ఇంట్లో కారుకి నూట ఇరవై బార్ల కరెంటు మిషను చాలన్నాడు. ధార విసనకర్రలా పరుచుకునే నాజిల్ పెట్టి, రెండు మూరలకి తగ్గకుండా నిలబడి కొట్టాలట. నీళ్ళు లోపలికి వెళ్ళే చోట జల్లెడ లేకుండా మిషను ఆన్ చేస్తే నా గతే అన్నాడు. ఎంత గొప్ప కంపెనీదైనా, పాడైతే భీమవరంలో బాగుచేసే మనిషి ఉన్నాడో లేడో ముందు కనుక్కోవాలి, ఒక్క రబ్బరు రింగు దొరక్కే తన మిషను కోళ్ళపాలైందట. అతని గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"ఇదంతా ముందే చెప్పొచ్చు కదా," అంది హారతి.

"ఇలా చెబితే ఎవరు వింటారమ్మా," అన్నాడు.

ఆదివారం ఇద్దరూ వెళ్ళి, బాగుచేసే మనిషితో మాట్లాడాకే చిన్న మిషను తెచ్చారు. సోమవారం పొద్దున్న హారతి గన్ను బాబాయి చేతికే ఇచ్చింది. అతను నేల మీద రెండు మూరలు కొలిచి, ఇటుకముక్కతో గీత గీసి, గీత అవతల నిలబడ్డాడు. బురద కరిగి కారిపోయింది. అక్షరాలు కదల్లేదు. సగం పోయిన 'దయ' కూడా ఉన్నంత మేరా అలాగే ఉంది.

తర్వాత గన్ను కాస్త వంచి వెనక బంపరు కింద కొట్టాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి పెళ్ళలుగా ఊడింది. గుడ్డ ఎన్నడూ వెళ్ళని చోటు అది. అక్కడ నీలం రంగుతో చిన్న చిన్న అక్షరాలు కనిపించాయి.

'మెల్లగా పోనివ్వు పాపాయీ.'

హారతిని ఆయన పాపాయి అనే పిలిచేవారు. అమ్మిరాజు మిషను ఆపేశాడు. గంగమ్మ చదువుకునే చోటే రాశారు అనుకున్నాను. హారతి ఆ తడి నేల మీద అలాగే కూర్చుండిపోయి, వేలితో తాకకుండా, మళ్ళీ మళ్ళీ చదువుకుంది.

ఆ సాయంత్రం అమ్మిరాజు టీ కొట్టు దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పాడట. ఒక్క మాట కలపలేదట. అందరూ పొట్టలు పట్టుకు నవ్వారట, ఇంకో నాజిల్ పెడితే ఆ అక్షరాలు మాట్లాడేవి కూడా అని. చిన్నబుచ్చుకున్న మొహంతో మా ఇంటికి వచ్చాడు. వెనకే నిజం తేల్చడానికి భీమరాజు గారు.

ఆయన కారు వెనక డిక్కీ పట్టుకుని కష్టం మీద వంగారు. చాలాసేపు లేవలేదు. లేచాక కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"చూశారుగా, ఏమంటారు మరి?" అన్నాడు అమ్మిరాజు.

"ఈసారి నువ్వు చెప్పింది తక్కువేరా," అన్నారు భీమరాజు గారు.