దయ్యానికి మడమ ఎటువైపు?

సభకు పెద్దగా ఉన్న వెంకటనర్సయ్య సారుకు, శామీర్‌పేట నుంచి, బౌరంపేట్ నుంచి పనులు మానుకొని వచ్చిన అందరికీ నమస్కారం. మన జీవశాస్త్రం టీచర్ బాలమణి గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం ఇంటి దగ్గర ఎన్నిసార్లు పలికి చూసుకున్నానో! ఇక్కడికొచ్చాక మళ్ళీ కాగితం చూసే చదివాను. అయినా చెప్పండి, టీచర్ తరగతిలో ఏడ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే నవ్వి నవ్వి ఏడ్చినవాళ్ళే.

నేను లిఖితను. చేపలమ్మే ఐలమ్మ మనవరాలిని. ఇంటర్ చదువుతున్నాను.

పెద్దలారా, రెక్కల గుర్రం కథ మీకు తెలుసు. రాకుమారుడు ఎక్కుతాడు, సముద్రాలు దాటుతాడు. కానీ టీచర్ అడిగేవారు: "ఎగురుడు సరే. గా రెక్కల కండ యాడ అతికింది?" జవాబు కోసం మల్లేష్ అన్న చికెన్ దుకాణంలో కోడి రొమ్మును వేలితో తడుముతూ నిలబడేవారట. "టీచరమ్మా, కోడిని కొంటరా, చదువుకుంటరా?" అన్నాడట అన్న. ఆ రొమ్ము ఎముకను కడిగి బడికి తెచ్చారు. దాని నడుమ పడవ అడుగులా ఒక అంచు. రెక్కలాడించే కండ అక్కడే అతుక్కుంటుంది. గుర్రం ఎగరాలంటే రొమ్ము అలాగే పొడుచుకు రావాలి. ఆ రొమ్ము నేలకు తగలకుండా కాళ్ళు పొడుగవ్వాలి. మరి రాకుమారుడు ఎక్కేదెట్లా? నిచ్చెన వేసుకొని!

ఇక నా సంగతి. పదో తరగతిలో సాయంత్రం క్లాసులు పెట్టారు. అవి లేకుండా నేను గట్టెక్కడం కల్ల. కానీ ఇంటికి చెరువు కట్ట మీదుగానే రావాలి. చీకటి పడితే అక్కడ కొరివి దయ్యం తిరుగుతుందని, దాని పాదాలు వెనక్కి ఉంటాయని మా అవ్వ భయం. "సదువు లేకున్నా బతుకుతవు. దయ్యం పడ్తే బతుకుతవా?" అని క్లాసులు మాన్పించింది.

టీచర్ మా ఇంటికి వచ్చారు. దయ్యాలు లేవని చెప్పారా? లేదు! ముగ్గు డబ్బా అడిగి, వాకిట్లో దయ్యం కాలు గీశారు. వేళ్ళు వెనక్కి, మడమ ముందుకు.

అవ్వ ఊరుకుంటుందా? ఎముకల దగ్గరే పట్టుకుంది. "దయ్యానికి బొక్కలుంటయా, పంతులమ్మా?"

"బొక్కల్లేకుంటే పిల్లనెట్ల పట్టుకుంటది, అవ్వా?"

అవ్వ ముగ్గు మీదికి వంగింది, టీచర్ మడమ మీద వేలు పెట్టారు.

"ఉరికేటప్పుడు మనం ముంగటికి తూలుతం. వేళ్ళు ముంగటుండి ఆపుతయి. దీనికి ముంగట మడమనే ఉన్నది. జర్ర ఉరికిందో, బోర్ల పడ్తది."

అవ్వ ముగ్గు చుట్టూ తిరిగింది. పాదం వెనక్కి తిప్పబోయి గోడ పట్టుకుంది. చివరికి తీర్పు చెప్పింది: "అయితె పో బిడ్డా. అచ్చేటప్పుడు మాత్రం ఉరుకు."

ఉరికాను. ఆ ఏడాదంతా ఉరికాను. ఉరికి ఉరికి పది పాసయ్యాను!

దవాఖానాలో చివరిసారి చూసినప్పుడు టీచర్ ధ్యాసంతా ఒకే ఒంటికి రెండు తలలుండే గండభేరుండ పక్షి మీదే. "రెండు తలలు, ఒక్కటే పెయ్యి. ఒక తల నిద్రవోతే రెండోది ఎగురుతదా? ఆలోచించి చెప్పు." ఆలోచిస్తూనే ఉన్నాను టీచర్.

ఇప్పుడు అందరం లేద్దాం. రెండు నిమిషాలు మాటలు ఆపి నిలబడదాం. నవ్వొస్తే ఆపుకోకండి, చప్పుడు మాత్రం రానివ్వకండి. వేళ్ళు ముందు, మడమ వెనక. మన కాళ్ళ మీద మనం పడకుండా ఎట్లా నిలబడ్డామో ఒక్కసారి చూసుకోండి. అది ఆమె చెప్పిన పాఠమే.

అవ్వా, నువ్వూ లే. నా చెయ్యి పట్టుకో.