కిచిజో గారి మూడో ఎన్నిక

కౌన్సిల్‌కి నిలబడతావా నవో? నిలబడు తల్లీ, ఎవరొద్దన్నారు. ముందా కాళ్ళు కొతాత్సు బల్ల దుప్పటి కింద పెట్టుకో, లోపల కుంపటి వెచ్చగా ఉంది, బయట ఈదురుగాలి. మా ఆయన పోయి పంతొమ్మిదేళ్ళయినా ఈ దీవిలో ఎన్నికలనేసరికి అందరూ నా దగ్గరికే వస్తారు, నాకేదో రాజకీయం తెలిసినట్టు. నాకు తెలిసిందల్లా తోఫూ చెయ్యడం. మా ఆయన కిచిజో గారికి అదీ రాదు. పొద్దున్నే నానిన సోయా గింజలు నా నెత్తిన పడేసి రేవుకి పోయేవారు. పడవెక్కే ప్రతి మనిషికీ నడుం వంచి దణ్ణం. ఆయన నడుం ముందు అరిగిపోతుందా, చెప్పులా అని మా అత్తగారు ఎగతాళి చేసేది. ఆవిడ నోరు ఎలాంటిదంటే... సర్లే, అదిప్పుడెందుకు.

ఆయన మూడోసారి కౌన్సిల్‌కి నిలబడ్డ ఏడు, పొద్దుటి పడవ ఆపేస్తామన్నారు. ఆగితే పిల్లలు అవతలి ఒడ్డున బడికెలా పోతారని ఆయన బెంగ. నా బెంగ వేరు. అప్పటికే రెండుసార్లు ఓడారు, మూడోసారీ ఓడితే ఇక దుకాణం గడప దాటనని నాకు మాటిచ్చారు. పెళ్ళయి పదిహేనేళ్ళు, ఇద్దరం కూర్చుని వేడివేడిగా అన్నం తిన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నాకా మనిషి ఇంట్లో కావాలి, అంతే. అలాంటి నాకు తెల్ల గ్లౌజులు తొడిగి మైకిచ్చి ప్రచారం వ్యానెక్కించారు చూడు. కిచిజోని మర్చిపోకండీ అని గొంతు పోయేలా అరిచాను. వాళ్ళకీ వీళ్ళకీ చెయ్యూపుతూ ఊపుతూ తాళ్ళమీద ఎండుచేపల్లా ఆరేసిన స్క్విడ్‌లకీ ఊపేశాను. డ్రైవరు నవ్వలేక చచ్చాడు.

పోలింగైన మర్నాడు ఓట్లు లెక్కపెట్టారు. ఎనిమిది సీట్లలో ఏడు తేలిపోయాయి. చివరిదానికి మా ఆయనకీ, సారా కొట్టు ఓగురి గారికీ చెరో నూట డెబ్బై మూడు. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. అలాంటప్పుడు పుల్లలు తీయించాలట, చట్టమే అంత. గొట్టంలో రెండు పుల్లలు, ఒకటని రాసింది ఎవరికొస్తే వాళ్ళదే సీటు. మా ఆయనకొచ్చింది. వస్తే సంతోషించాలా? ముందెళ్ళి ఓగురి గారికి క్షమాపణ చెప్పుకున్నారు. జనం చేతులెత్తి మూడుసార్లు బంజాయ్ అని జేజేలు కొట్టారు. నేనూ ఎత్తాను. ఏడ్చాను కూడా.

నెల తిరక్కుండా పొద్దుటి పడవ ఆపకూడదని కౌన్సిల్లో తేలింది, ఒక్క ఓటు తేడాతో. ఆ రోజు మా దుకాణంలో తోఫూ అంతా ఊరికే పంచిపెట్టాను, నా మొగుడేమిటో నాకప్పుడు తెలిసింది. ఆ రోజే ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో కూర్చుని నసుగుతున్నారు. ఏమిటండీ అంటే, "కినుయో, ఆ ఓటు కాగితం మీద నా పేరు నేనే రాసుకోవాలంటే సిగ్గేసింది. పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాను, చెయ్యి రాలేదు. ఓగురి గారి పేరు రాసేశాను" అన్నారు.

వారం రోజులు తిట్టాను నవో. ఊరంతా మీకోసం గొంతు చించుకుంటే మీరెళ్ళి ఎదుటివాడికి వేసొస్తారా అని. పాపం, వంచిన తల ఎత్తలేదు. ఈ ఇంట్లోంచి ఓగురికి ఒక్క ఓటు చాలలేదా, మీరూ వెయ్యాలా అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఆయన పోయేదాకా మింగుతూనే ఉన్నాను.

ఏమిటలా చూస్తావ్? ఆ కమలాపండు తిను. ఈ ఏడు కాయ చాలా తియ్యగా ఉంది.