నేల మీద పిల్ల

చైనాలోని లోయాంగ్ నగరం మీద మంచు పడుతూనే ఉంది. పచ్చి బాలింత గోడకి చేరగిలబడి, చనిపోయిన పసిగుడ్డు మీద మొగుడు రాసిన విలాప కవిత వింటోంది.

"పట్టుపరుపు మీద ముత్యంలా మెరిసిన చిట్టితల్లీ... ఎలా ఉంది?"

"పరుపెక్కడిదండీ? దాన్ని నేల మీద కదా పడుకోబెట్టారు."

"కవిత్వంలో అలా రాయకూడదే."

"చేతిలో నూలు వడికే కదురు బిళ్ళ పెట్టారు. మట్టిది. అదీ రాయండి."

"మగపిల్లాడికి మంచం, ఆడపిల్లకి మూడు రోజులు నేల. పెద్దలు పెట్టిన ఆచారం, నేను పెట్టానా?"

"ఇంత చలిలో వద్దు, ఒక్క రాత్రి నా పక్కలో వేసుకుంటానని మీ కాళ్ళు పట్టుకున్నాను."

"మా అమ్మ ఒప్పుకోలేదుగా! ఆడపిల్లకి పుట్టగానే అణకువ తెలియాలంది."

"తెలిసింది లెండి. తెల్లారేసరికి ఏడవడం కూడా మానేసింది."

"నాకు మాత్రం కడుపుకోత కాదూ? ఏడుస్తూ రాశానే ఇదంతా. రేపు సభలో చదివితే కళ్ళు తుడుచుకోని వాడుండడు."

"ఏదీ, ఇలా ఇవ్వండి."

ఆమెకి చదువు రాదు. కాగితం అందుకుని, వంగలేక వంగి, పిల్లని ఉంచిన చోటే నేల మీద పరిచింది.

"అయ్యయ్యో, అక్కడ పెడతావేమిటే! నేలంతా చెమ్మ, పాడైపోతుంది!"

ఆమె కాగితం మీంచి చెయ్యి తియ్యలేదు. తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది.

"అయితే మీకు తెలుసన్నమాట."