ఐసు మూట

వేసవి, 1984. తిరుపతిలో ఒక ఆసుపత్రి. మంచం మీద స్పృహ లేని సుబ్రమణ్యం. అతనికి అటు భార్య నాగరత్నమ్మ, ఇటు నర్సు ఆనందమ్మ.

"మళ్లీ కప్పినావా?"

"నేనా? యాడ కప్పినా సిస్టరమ్మా?"

"మరి ఈ రగ్గు పలమనేరు నుంచి నడిచొచ్చి మంచమెక్కిందా?"

"కాళ్ల వరకే గదమ్మా. సూడు, ఎట్ల సల్లబడి ఉండాయో. మా ఊర్లో ఎండాకాలం కూడా రగ్గు లేనిదే నిద్రపోడు ఈ మనిషి. ఇట్ల వొట్టి వొంటితో పండబెట్టి, నెత్తిన ఫ్యాను తిప్పి, చంకల్లో ఐసు పెట్టి... బతికినోళ్లకు చేసే పనేనా ఇది?"

"బతకాలనే చేసేది. నిన్న ఏమైందో డాక్టరు చెప్పలేదా నీకు?"

"చెప్పినాడు. గుండె నిలిచిపోయిందన్నాడు. రొమ్ము మీద అదిమి అదిమి మళ్లీ ఆడించినామన్నాడు. ఆడతా ఉండాది గదా? ఇంగేం?"

"గుండె ఆడతా ఉండాది. అది నిలిచినంతసేపూ మెదడుకు రక్తం పోలా. ఇప్పుడు దాని మీద జ్వరం కూడా ఎక్కిందంటే ఆ మెదడు ఇంకా చెడిపోతాది. పొద్దున నూటమూడు ఉండె. జ్వరాన్ని దించాల, మళ్లీ ఎక్కనీకూడదు. అంతే."

"దించితే కండ్లు తెరుస్తాడా?"

"ఆ పక్కకు పో. వీపు పట్టుకో, ఇటు తిప్పుదాము. ఒకే పక్కన ఉంటే పుండ్లు పడతాయి."

"తెరుస్తాడా అని అడిగితి."

"గట్టిగా పట్టుకో... ఐసు తెచ్చినావా?"

"తెచ్చినా. ఐసు కొట్టోడు ఏమడిగినాడో తెలుసునా? 'ఏ ఊరికి తీసకపోతారమ్మా?' అన్నాడు. నాకు అర్థం కాక పలమనేరంటి. 'దూరమే. అయితే రంపపు పొట్టు ఎక్కువేసి కడతా. ఎప్పుడు పోయినాడు?' అన్నాడు."

"అయ్యో. నువ్వేమంటివి?"

"ఇంకా పోలేదు నాయనా అంటి. నన్ను కిందికీ మీదికీ సూసి, 'ముందుగానే తెచ్చి పెట్టుకుంటా ఉండారా' అన్నాడు."

"నవ్వించొద్దు తల్లీ, థర్మామీటరు కింద పడతాది."

"నేను నవ్వలేదు సిస్టరమ్మా. దావంతా అదే మాట... సిస్టరమ్మా! కదిలినాడు! సూడు, సూడు, దవడ ఆడతా ఉండాది! భుజాలు! ఏమయ్యో! ఇట్ల సూడు, నేనే!"

"అరవొద్దు. జరుగు. అది కదలడం కాదు."

"నా కండ్ల ముందర కదుల్తా ఉంటే..."

"వణుకు. ఐసు ఎక్కువైంది. మనిషికి తెలివి లేకపోయినా వొళ్లు వణుకుతాది. వణికితే వేడి పుట్టి జ్వరం మళ్లీ ఎక్కుతాది. చంకల్లో ఐసు తీసెయ్. దీనికే డాక్టరు సూది రాసిపెట్టినాడు."

"వద్దమ్మా. ఒక్క నిమిషం. నిన్నటి నుంచి ఇదే గదా మొదటిసారి... సిస్టరమ్మా!"

"సూది వేసేసినా, వణుకు ఆగిపోతాది. ఇంగ తడిగుడ్డతో తుడుస్తా ఉండు, సాలు. ఐసు ముట్టుకోవద్దు."

"మళ్లీ కట్టెలాగా చేసేస్తివే."

సాయంత్రం ఆనందమ్మ మళ్లీ వచ్చింది.

"నాగరత్నమ్మా, పాదరసం లేస్తానే లేదు. తొంభై ఐదు కూడా లేదు. ఏం చేసినావు?"

"నువ్వు చెప్పిందే. తుడిచినా."

"డబ్బాలో ఐసుగడ్డ ఏమైంది?"

"కరిగింది. ఎండలు సూడు ఎట్ల ఉండాయో."

"మరి నీ కొంగు కింద ఆ మూట ఏంది? కారతా ఉండాదే."

"ఇదా? ఇది... ఊరికే."

"మధ్యాహ్నం రగ్గు కప్పినావు. ఇప్పుడు ఐసు దాస్తా ఉండావు. నీకేం కావాలమ్మా అసలు?"

"వణకాల."

"ఏంది?"

"వణికితే సాలు నాకు. నువ్వు వొళ్లంటావో, వేడంటావో, ఏమన్నా అనుకో. కదిలినట్టే గదా? కట్టె పక్కన కూర్చోలేకపోతా ఉండాను. నిన్నటి నుంచి ఒకటే మాట్లాడతా ఉండాను, ఊ కొట్టే దిక్కు లేదు. ఇంట్లో మాత్రం ఊ కొడతాడా ఏమన్నా, కొట్టడు. అయినా పేపరన్నా తిప్పుతాడు."

"మరీ చల్లబడితే గుండె మళ్లీ లయ తప్పుతాది. తెలుసునా నీకు? ఈసారి నిలిచిందంటే..."

"తప్పే. తిట్టు."

"తిట్టేదానికి టైము లేదు. ఫ్యాను ఆపు. ఆ తడిగుడ్డలు తీసేసి పల్చటి దుప్పటి కప్పు. రగ్గు కాదు, దుప్పటి! ఎంతసేపు పెట్టినావు ఐసు?"

"యాడ పెట్టనిచ్చినాడు! మొదట కొంచెం వణికినాడు. అంతటితో ఊరికే ఉండాల్సింది. ఆశ కొద్దీ అరికాలి కింద పెడితి. జారిపోయింది. మళ్లీ పెడితి, మళ్లీ జారింది. ఈ మంచమే వంకరగా ఉండాది, మీవాళ్లకు చెప్పి కోళ్లు సరిచేయించు."

"మంచం బాగానే ఉండాది. ఆ మీదట?"

"ఇట్ల కాదని మూటను చేత్తో అదిమి పట్టుకొంటి. అప్పుడు ఎక్కువైపోయింది వణుకు."

"ఎక్కువైందంటే? దవడా, భుజాలా?"

"అవేం కాదు. ఆ కాలు నేను పట్టుకొనుంటే, ఈ కాలొచ్చి నా చేతిని తన్నింది. మూట ఎగిరి ఆ గోడ కాడ పడింది. దాన్ని ఏరుకొని వస్తా ఉంటేనే నువ్వొస్తివి."

"ఆగు. సరిగ్గా చెప్పు. ఐసు ఏ కాలికి? తన్నింది ఏ కాలు?"

"ఐసు ఎడమ కాలికి. తన్నింది కుడిది. ఏంది సిస్టరమ్మా, అట్ల సూస్తావు? నేనేం ఆశపడలేదులే. వణుకేనని నువ్వే చెప్తివి గదా."

"వణుకు తన్నదు, నాగరత్నమ్మా."